సరంగు నీటిమాట

మా నాన్న నోటికి రెండు తలుపులు ఉండేవి. ఒకటి గట్టు వైపు, ఒకటి నీటి వైపు. ఇది నేను అల్లిన మాట కాదు. సముద్రం మీదికి వెళ్ళే మగవాళ్ళందరి గురించీ మా వీధిలో అలాగే అంటారు. జబ్బు చేసిన రోజు గట్టు వైపు తలుపు మూసుకుపోయింది. నీటి వైపుది మాత్రం బార్లా తెరుచుకుని ఉండిపోయింది. ఆ ఒక్కటైనా మూసుకుపోకుండా కాపాడుకోవాలని నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. పాట్లు మిగిలాయి, తలుపు మిగల్లేదు.

ఆయన సరంగు. అంటే పడవకు పెద్ద. ఊహ తెలిసీ తెలియక ముందే తండ్రి వెంట పడవ ఎక్కి, అడుగున చేరిన నీళ్ళు తోడే పనితో మొదలుపెట్టి, వల దగ్గరికి, అక్కణ్ణుంచి చుక్కాని దగ్గరికి చేరాడు. చుక్కాని దగ్గరే జుట్టు నెరిసింది. ఒంట్లో ఓపిక తగ్గాక గట్టున కూర్చుని చిరిగిన వలలు బాగుచేసేవాడు. పడవ దిగినా సరంగు అనే పిలుపు దిగలేదు. అమ్మ కోపంగా ఉన్నా "ఏం సరంగూ" అనేది, మురిపెంగా ఉన్నా అదే అనేది. తేడా గొంతులో తెలిసేది.

గట్టు మీద ఆయన నోరు ఊరుకునేది కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే, "ఇంత ఉప్పు తినడానికి ఇంటిదాకా రావడమెందుకు, అక్కడే ఉండిపోయేవాణ్ణిగా" అనేవాడు. నేను ఐస్ ఫ్యాక్టరీలో పనికి చేరినప్పుడు, ఇక నుంచి తనతో చల్లగా మాట్లాడతానేమోనని ఎదురు చూస్తున్నట్టు వీధంతా చాటాడు. నా కోపం సంగతి వీధిలో అందరికీ తెలుసు కాబట్టి అందరూ నవ్వారు. అమ్మకు ఆ వేళాకోళం వింటే ఒళ్ళు మండేది. వినకపోతే తోచేది కాదు.

పడవ ఎక్కితే ఆ నోరే వేరు. తాడు విప్పాక గట్టు మీది మాటలు పలకకూడదు. ఇల్లు అనకూడదు, కత్తి అనకూడదు, ఇంట్లో వాళ్ళ పేర్లు అసలే ఎత్తకూడదు. సముద్రం వింటుందట. విని, మనకు ఏమేం ఉన్నాయో తెలుసుకుంటుందట. అందుకని అన్నిటికీ వేరే మాటలు ఉన్నాయి. ఇల్లు 'వెనకది'. కత్తి 'చల్లది'. పిల్లి 'మెత్తకాలు'. ఇంట్లో ఒక్కో మనిషికి ఒక్కో మాట, దాన్ని పుట్టించేది ఆ ఇంటి మగవాడే. మిగతావి ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. ఆడదాన్ని కాబట్టి తెలియకూడదు కూడా.

ఇది సగం కట్టుబాటే. మిగతా సగం ఇంకా కఠినం. ఆ నీటిమాటను గట్టు మీద పలకకూడదు. పలికితే సముద్రం తన మాటను వెతుక్కుంటూ వస్తుందట, దారిలో ఏ పడవ కనబడితే ఆ పడవను పట్టుకుపోతుందట. పడవలన్నీ వచ్చి తాళ్ళు కట్టేశాక మాత్రం పర్వాలేదు. అప్పుడు పట్టుకుపోవడానికి ఏమీ ఉండదు కదా. పాత రోజుల్లో పడవలన్నీ పొద్దు వాలేసరికి ఒడ్డు చేరేవి. వలల కొట్టంలో మగవాళ్ళు కూర్చుని నీటిమాటలో పగలబడి నవ్వుతుంటే, ఆడవాళ్ళు చెవిన పడకుండా పక్క సందులోంచి తిరిగి వెళ్ళేవాళ్ళు.

చిన్నప్పుడు నేను ఒకసారి వంటింట్లో కత్తిని చూపించి "చల్లది" అన్నాను. ఎక్కడో విని ఉంటాను. కాలికి దెబ్బ తగిలి నాన్న ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. పడవలు బయట ఉన్నాయి. ఆయన కుంటుతూ వచ్చి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అరచేతిని నా నోటి మీద వేసి అదిమి పట్టుకున్నాడు. ఆ చేతికి తారు వాసన, డీజిల్ వాసన. కళ్ళు మాత్రం కిటికీలోంచి సముద్రం వైపు ఉన్నాయి. నేను ఏడుస్తున్నా చెయ్యి తీయలేదు. చాలాసేపటికి తీసి, నా మూతి తుడిచి, "ఇంకెప్పుడూ అనకు తల్లీ, బయట మనవాళ్ళు ఉన్నారు" అన్నాడు. ఆ గొంతులో వణుకు విన్నాక నేను మళ్ళీ అనలేదు.

నాకు ఇందులో నమ్మకం లేదు. కానీ లేదని గట్టిగా అనాలంటే ఇంటి మనిషి ఎవరూ పడవ మీద ఉండకూడదు. మా తమ్ముడు ఉన్నాడు. వాడు ఎక్కేది పెద్ద మరపడవ. వెళితే వారాల తరబడి రాదు. దాంట్లో పనిచేసే కుర్రాళ్ళెవరికీ నీటిమాట రాదు, పాటలు పెట్టుకుని ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకుంటారు. తమ్ముడు దీన్నంతా ముసలివాళ్ళ చాదస్తం అని కొట్టిపారేస్తాడు. కొట్టిపారేసి, తాడు విప్పేటప్పుడు మాత్రం నోరు మూసుకుంటాడు.

నాన్న వల మీద పడిపోయింది ఒక ఉదయం. నేను ఫ్యాక్టరీలో ఉన్నాను. ఐస్ దిమ్మలు గడ్డకట్టిన డబ్బాలను నీళ్ళలో ముంచి, దిమ్మ జారాక కొక్కెంతో లాగి, నలగ్గొట్టే మర దగ్గరికి తోయడం నా పని. మర చప్పుడులో ఎవరి కేకా వినిపించదు. వలల కొట్టం నుంచి వచ్చిన మనిషి నా భుజం తట్టి చేత్తో సైగ చేశాడు. ఆ సైగ చూసి నాన్న పోయాడనుకున్నాను. పోలేదు. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి. ఎడమ చెయ్యి బాగానే ఉంది.

ఆసుపత్రిలో మాట నేర్పించే మేడమ్ దగ్గర బొమ్మల అట్టలు ఉండేవి. ఆమె ఓపిక చూస్తే నాకు సిగ్గేసేది. ఇల్లు బొమ్మ చూపించి "ఇదేంటి నాన్నగారూ?" అంది. నాన్న తేలిగ్గా "వెనకది" అన్నాడు. పిల్లిని చూపిస్తే "మెత్తకాలు" అన్నాడు. కత్తి బొమ్మ తీసేసరికి పక్కనే ఉన్న అమ్మ రెండు చెవులూ మూసుకుని వరండాలోకి పరుగెత్తింది. నాన్న వెళ్ళిపోతున్న అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఏం తప్పు చేశానన్నట్టు ఉంది ఆ చూపు.

నేను మేడమ్‌కు సంగతంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. "ఆయన మామూలుగానే మాట్లాడుతున్నానని అనుకుంటున్నారు. నోట్లోంచి ఏ మాట బయటికి వస్తోందో ఆయనకు తెలియడం లేదు. తప్పు అని మాత్రం అనకండి. అన్నారంటే భయపడి మొత్తానికే మానేస్తారు" అంది.

"మరి ఏం చెయ్యాలి మేడమ్?"

"ఆ మాటల్లోనే ఎవరైనా ఆయనకు బదులు చెప్పాలి. రోజూ కూర్చుని మాట్లాడాలి. ఏదో ఒక దారి తెరిచి ఉంటే రెండో దారి కూడా మెల్లగా తెరుచుకుంటుంది. కానీ మొదటి కొన్ని నెలలేనమ్మా. తర్వాత నేనే కాదు, ఎవరూ ఏం చెయ్యలేరు. మీ ఇంట్లో ఆ మాటలు ఎవరికి వచ్చు?"

ఎవరికి వచ్చు? ఆడవాళ్ళకు రావు. కుర్రాళ్ళకు రావు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొందరు నీళ్ళలో, కొందరు మంచం మీద. మిగిలింది ఒక్క లంగరు బాబాయ్.

నాన్న పడవలో లంగరు వేసే పని ఆయనది కాబట్టి ఆ పేరు. ఎక్కడ కూర్చుంటే అక్కడే దిగబడిపోతాడని కూడా అంటారు. రేవు గోడ మీద కూర్చుని ఉంటే వెళ్ళి అడిగాను. రోజూ ఒక్క గంట వచ్చి నాన్నతో మాట్లాడమన్నాను. ఆయన వింటున్నంతసేపూ తల ఊపాడు. చివర్లో "పడవలన్నీ కట్టెయ్యనీ, వస్తా" అన్నాడు.

"పడవలన్నీ ఎప్పుడు కడతారు బాబాయ్? ఒకటి వస్తుంటే ఇంకోటి వెళ్తోంది. నేను ఐస్ వేసి పంపిస్తున్నా కదా, నాకు తెలీదా?"

"తెలిస్తే మరి నన్ను అడుగుతావేంటి?"

"అక్కడ మనిషి మాట పోతోంది."

"బయట మీ తమ్ముడు ఉన్నాడు" అన్నాడు బాబాయ్. "సరంగు నోరు బాగుపడాలని నాకు మాత్రం లేదా? రేపు ఆ కుర్రాడికి ఏమన్నా అయితే మీ నాన్నకి నేను ఏ మాటలో చెప్పను?"

ఆ గోడ మీదే ఆయన్ని దులిపేశాను. రేవులో పనివాళ్ళు బుట్టలు దించి మరీ విన్నారు. ఆయన కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. లంగరు అనే పేరు ఊరికే రాలేదు.

ఇంటికి తెచ్చాక మొదలైంది అసలు నరకం. రెండు గదుల ఇల్లు. నాన్న నోరు తెరిస్తే అమ్మ లేచి వెళ్ళిపోతుంది. ఆయన మంచినీళ్ళు అడగబోతే పొయ్యి దగ్గరికి, దుప్పటి అడగబోతే పెరట్లోకి. చేప శుభ్రం చేసే షెడ్డులో ఏళ్ళ తరబడి చతికిలబడి అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా లేచి పరుగెత్తేది. ఆయనకు తిండి తినిపించేటప్పుడు మాత్రం పారిపోవడం కుదరదు కాబట్టి, ముద్ద మింగీ మింగకముందే ఇంకో ముద్ద నోట్లో కుక్కేది, మాట బయటికి రాకుండా.

"నీకు కొంచెమైనా జాలి లేదా?" అని ఒంటికాలి మీద లేచాను.

"కొడుకుని నీళ్ళ మీద పెట్టుకుని జాలి చూపించే ధైర్యం నాకు లేదే" అంది అమ్మ. ఆ తర్వాత చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాన్నకు ఇదేమీ తెలియదు. తను మాట్లాడితే భార్య ఎందుకు లేచి వెళ్ళిపోతోందో అర్థంకాక మొదట్లో కోపగించుకునేవాడు. గిన్నె విసిరేవాడు. తర్వాత బతిమాలే ధోరణిలో ఏవేవో అనేవాడు. అవి మంచి మాటలే అయి ఉంటాయి. తలుపు అవతల అమ్మ చెవులు మూసుకుని కూర్చుని ఉండేది.

నాతో మాత్రం ఆయనకు ఒక మాట ఉంది. నేను పొద్దున్నే రబ్బరు బూట్లు వేసుకుని గుమ్మం దాటుతుంటే, కుర్చీలోంచి "మినుకు" అనేవాడు. సాయంత్రం తిరిగి రాగానే మళ్ళీ అదే. అది నేనే అని మొదటిరోజే తెలిసిపోయింది. ఆయన అలా ఇంకెవరినీ చూసేవాడు కాదు. పుట్టిన దగ్గర్నుంచీ నన్ను అందరూ ఎన్నో పేర్లతో పిలిచారు, కోపిష్టిది, మొండిది, ఐస్‌పిల్ల. సముద్రం మీద, నేను ఎన్నడూ చూడని ఆ నీళ్ళ మధ్య, నాకు ఇంకో పేరు ఉందని, పడవలో వాళ్ళంతా నన్ను ఆ పేరుతో ఎరుగుదురని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఆ మాట విన్న పూట ఎంత బరువైన దిమ్మ లాగినా చేతులు నొప్పి పుట్టేవి కావు. ఇది ఎవరికీ చెప్పలేదు.

నెలలు గడుస్తున్నాయి. మేడమ్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఆమె అదే అడిగేది, ఎవరైనా దొరికారా అని. నేను రేవుకు వెళ్ళి పడవలు చూసేదాన్ని. ఎప్పుడు చూసినా ఒక తాడు ఖాళీగా వేలాడుతూ ఉండేది. చివరికి నేను తుఫాను రావాలని కోరుకున్నాను. తమ్ముడు నీళ్ళ మీద ఉండగా కోరుకున్నాను. నన్ను ఎవరేమనుకున్నా సరే, ఉన్నమాట ఇది.

తుఫాను వచ్చింది. మరీ పెద్దది కాదు. రేవు స్తంభానికి ఎర్ర జెండా ఎక్కింది. రేడియోలో అన్ని పడవలనూ వెనక్కి రమ్మన్నారు. ఒక్కొక్కటే వచ్చాయి. రేవులో చోటు చాలక పడవకు పడవ కట్టారు. అన్నిటికన్నా ఆఖర్న తమ్ముడి పడవ వచ్చింది. వాడు తడిసి ముద్దై ఇంట్లోకి వస్తూనే, "ఆకలేస్తోంది అక్కా" అన్నాడు. వాడి వెనకే ఉతికిన చొక్కా వేసుకుని లంగరు బాబాయ్ వచ్చాడు.

నేను ఆయన్ని గుమ్మంలోనే ఆపాను. "మేడమ్ చెప్పింది గుర్తు పెట్టుకో బాబాయ్. ఆయన మాట్లాడేది నీటిమాట అని ఆయనకి తెలీదు. తెలిస్తే భయపడిపోతాడు. ఏం అడిగినా ఆ ఒక్కటి మాత్రం చెప్పకు."

"ఎందుకు చెప్తా?" అన్నాడు బాబాయ్.

అమ్మ పక్కింటికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు. గోడ ఇవతల కూర్చున్నాను. బాబాయ్ ఏదో అన్నాడు. తర్వాత మా నాన్న నవ్వాడు. జబ్బు చేశాక ఆయన నవ్వు వినడం అదే మొదలు. నోరు ఒక పక్కకు పోయింది కాబట్టి ఆ నవ్వు సగమే వచ్చింది, అయినా నవ్వే. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గోడకు వీపు ఆనించి, గాలి రేకుల కప్పును కొడుతుంటే, కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను.

గాలి తగ్గేదాకా బాబాయ్ రోజూ వచ్చాడు. పొద్దున వస్తే పొద్దుపోయాకే వెళ్ళేవాడు. ఒక మధ్యాహ్నం అమ్మ వడ్డిస్తుంటే నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెట్టాడు. నాలుక వెతుక్కుంది. "ఉ... ఉప్పు" అన్నాడు.

అది గట్టుమాట. అమ్మ చేతిలో గరిటె కంచంలో పడింది. "ఎక్కువైందా? ఎక్కువైందా సరంగూ?" అని అడిగింది. ఆయన తల ఊపాడు. అమ్మ ఆ కూర గిన్నె ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తమ్ముడు ఆ కూరే ఇంకాస్త వడ్డించుకుని తిన్నాడు. మేడమ్‌కు ఫోన్ చేసి చెబితే, "చెప్పాను కదా, ఆపకండి" అంది. ఆ పూట మా ఇంట్లో అందరం ఒకేసారి కూర్చుని తిన్నాం.

మర్నాడు బాబాయ్ తొందరగా వెళ్ళిపోయాడు. లోపలికి వెళ్ళి చూస్తే నాన్న కుర్చీలో గోడ వైపు తిరిగి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. నాకు అనుమానం వచ్చి రేవుకు పరుగెత్తాను. గోడ మీద ఆయన చోట ఆయన కూర్చుని ఉన్నాడు.

"ఏం చెప్పావు?"

బాబాయ్ నా మొహం చూడలేదు. "అడిగాడమ్మా."

"ఏం అడిగాడు?"

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు అన్నాడు. ఏదో చెప్పి తప్పించుకున్నా. మళ్ళీ అడిగాడు. మా ఆవిడ నేను నోరు తెరిస్తే ఎందుకు లేచి వెళ్ళిపోతోంది అన్నాడు. మాట మార్చా. అప్పుడు సూటిగా అడిగేశాడు. నా నోట్లోంచి వస్తున్నది ఏ మాట, నువ్వు చెప్పు అన్నాడు."

"చెప్పేశావా?"

"సరంగు అడిగాడు. నీటిమాటలో అడిగాడు. పడవ అడుగున నీళ్ళు ఎంత ఉన్నాయని సరంగు అడిగితే, వాడు భయపడతాడేమోనని తక్కువ చేసి చెప్తామా? ఆ మాటలో అబద్ధం ఆడటం నాకు రాదమ్మా. మాలో ఎవరికీ రాదు."

"ఒక్క అబద్ధం బాబాయ్. ఒకే ఒక్కటి."

"రాలేదు" అన్నాడు ఆయన. "ఆ తర్వాత ఇంకోటి అడిగాడు. ఇన్ని నెలలూ కొడుకు ఎక్కడున్నాడు అని. పడవ మీద అని చెప్పా. అంతే. ఇంక మాట్లాడలేదు."

ఆ మనిషిని గోడ మీద నుంచి తోసేయాలన్నంత కోపం వచ్చింది. కానీ ఆయన ముక్కు చీదుకుంటూ తువ్వాలుతో కళ్ళు వత్తుకుంటున్నాడు. తిట్టడానికి కూడా మనిషి మిగలలేదు నాకు.

జెండా దిగింది. పడవలు వెళ్ళాయి. తమ్ముడు సంచి భుజాన వేసుకుని నాన్న కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "వెళ్ళొస్తా నాన్నా" అన్నాడు. నాన్న ఎడమ చెయ్యి వాడి తల మీద పెట్టి, చాలాసేపు ఉంచాడు. పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆయన నోరు కుట్టేసుకున్నాడు.

ఉప్పు అన్న ఆ ఒక్క మాట కూడా మళ్ళీ అనలేదు. మేడమ్ బొమ్మలు చూపిస్తే కళ్ళు మూసుకునేవాడు. "గట్టుమాట వస్తోంది కదా నాన్నా, అది మాట్లాడు, దానికి అడ్డేముంది" అని ప్రాధేయపడ్డాను. ఆయన తన నోటి వైపు చూపించి, చెయ్యి అటూ ఇటూ ఊపాడు. నాకు అర్థమైంది. ఏ తలుపులోంచి ఏ మాట వస్తుందో ఆయనకు తెలియదు. తెలియదని ఇప్పుడు తెలుసు. అందుకని రెండూ మూసేశాడు. నెలల తరబడి తను మాట్లాడిన ప్రతి మాటకూ నీళ్ళ మీద కొడుకు ప్రాణం ఒడ్డాననుకుంటున్నాడు ఆ మనిషి. ఆ అనుకోవడాన్ని నేను ఎలా తీసెయ్యను?

అమ్మ ఇప్పుడు పారిపోవడం మానేసింది. కుర్చీ పక్కన కింద కూర్చుని, ఆయన మోకాలి మీద తల ఆనించి, "ఏదైనా అను సరంగూ. ఏ మాటైనా సరే. నేను లేవను" అంటుంది. పారిపోయినన్నాళ్ళు ఆయన మాట్లాడాడు. కూర్చున్నాక మాట్లాడటం లేదు. తమ్ముడు ఏదో రేవు నుంచి ఫోన్ చేసి, "నాన్నా, నీ ఇష్టమొచ్చింది మాట్లాడు, నాకేం కాదు, ఇన్నాళ్ళు ఏమైనా అయిందా?" అని అరిచాడు. నాన్న కొడుకు గొంతు ఆసాంతం విని, ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

మళ్ళీ ఒకసారి జెండా ఎక్కింది. పడవలన్నీ వచ్చాయి. నేను బాబాయ్‌ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. "అన్నీ కట్టేశారు నాన్నా, తమ్ముడు కూడా వచ్చాడు, చూడు" అన్నాను. నాన్న వాణ్ణి తడిమి చూసుకున్నాడు. కిటికీలోంచి తాళ్ళన్నీ చూశాడు. బాబాయ్ నీటిమాటలో ఏదో అడిగాడు. నాన్న మొహం విప్పారింది. నోరు తెరిచాడు. గొంతులో ఏదో కదిలింది, నాలుక లేచింది, పెదవులు వణికాయి. ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. బాబాయ్ మరో మాట అందించాడు, ఇంకో మాట అందించాడు, చిన్నపిల్లాడికి ముద్ద అందించినట్టు. చివరికి ఆయన కూడా ఆపేశాడు. ఇద్దరూ చెరో కుర్చీలో తలలు వంచుకుని కూర్చున్నారు.

మొదటి కొన్ని నెలలే అని మేడమ్ ముందే చెప్పింది. ఆమె తప్పేం లేదు. ఆ తర్వాత వెళితే, బొమ్మల అట్టలు సొరుగులో పెట్టేసి, నా భుజం మీద చెయ్యి వేసింది.

బాబాయ్ ఇప్పటికీ వస్తాడు, పడవలు బయట ఉన్నా వస్తాడు. మాట్లాడేది లేదు కదా, కట్టుబాటు గొడవ లేదు. ఆ నీటిమాట ఇక ఆయన ఒక్కడి నోట్లోనే ఉంది. బదులు చెప్పేవాడు లేని మాటను ఏం చేసుకుంటాడో ఆయనకే తెలియాలి.

నిన్న పొద్దున పనికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాను. రోజూ ఆగుతున్నాను. ఆ ఒక్క మాట కోసం, సిగ్గు లేకుండా, ముష్టివాళ్ళలా ఆగుతున్నాను. నాన్న నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో మాట ఉంది, నోట్లో లేదు. నేను ఇక ఉండబట్టలేకపోయాను. వెనక్కి వచ్చి, ఆయన కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చొక్కా గుండీ సరిచేస్తూ చెవి దగ్గర అన్నాను.

"మినుకు వెళ్ళొస్తుంది నాన్నా."

ఆయన ఎడమ చెయ్యి గబుక్కున లేచింది. నా నోటి మీద పడి అదిమి పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం మిగిలి ఉందని నేను అనుకోలేదు. ఇప్పుడు దానికి తారు వాసన లేదు, డీజిల్ వాసన లేదు, అమ్మ రుద్దిన సబ్బు వాసన ఉంది. ఆయన కళ్ళు నన్ను చూడటం లేదు, కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నాయి. తమ్ముడి పడవ బయట ఉంది. ఐస్ ఫ్యాక్టరీ సైరన్ మోగింది. చెయ్యి తీయలేదు.